కర్ర ఎట్లుంది?

నన్ను చీపురు అనకండి. చీపురు నాకు కట్టేది. నేను కర్రను. అయిదడుగుల సాధనపు వెదురు కర్రను. బొంగు వెదురులాగా లోపల డొల్ల ఉండదు నాకు. నా కింద కట్టిన కొబ్బరి ఈనెలు ఇప్పటికి ఎన్నిసార్లు మారాయో చెప్పలేను. ఒక కట్ట రెండు నెలలు వస్తుంది, మహా అయితే మూడు. ఆలోగా తారు రోడ్డు దాన్ని జానెడు చేసేస్తుంది. అది విప్పి పారేసి, కొత్త కట్ట పెట్టి, పాత సైకిల్ ట్యూబు ముక్కతో నాలుగు చుట్లు బిగించి, నడుమ ఒక చెక్క మేకు దిగ్గొడతారు. కర్ర మాత్రం పాతదే.

నేను పుట్టింది రుద్రవరం రేంజిలో. నంద్యాలకు తూర్పున నల్లమల ఉంది కదా, అక్కడ. నాతో రోడ్లూడ్చే ఆయమ్మ తండ్రి అడవిలో కూపు కూలీ. వెదురు కొట్టి మోపులు కట్టడంలోనే ఆయన నడుము వంగిపోయింది. నన్ను కొట్టింది అమావాస్య దగ్గర. వెన్నెల రోజుల్లో కొట్టిన వెదురుకు పుచ్చు పడుతుందని పెద్దాయన నమ్మకం. మూడు వారాలు వాగు నీళ్లలో నానేశాడు, నీడలో ఆరేశాడు, నిప్పు సెగ మీద వంకర తీశాడు, ఆముదం పట్టించాడు. ఇంత సేవ దేనికనుకున్నాను. 2014లో కూతురికి నంద్యాలలో రోడ్లూడ్చే పని దొరికింది. నన్ను బస్సులో నిలబెట్టుకుని తెచ్చాడు.

"పాపా, వాళ్లిచ్చే కర్రలు ఆర్నెల్లకే విరుగుతాయి. ఇది నీ సర్వీసంతా వస్తాది" అన్నాడు.

సర్వీసు! ఆ మాటకి ఆయమ్మ నవ్వింది. సర్వీసు అనేది పర్మినెంటు వాళ్లకుంటుంది. ఆమెకు ఉండేది కాంట్రాక్టరు.

ఇక్కడ నా గురించి ఒక తమాషా చెప్పాలి. వెదురు చెట్టా, గడ్డా? శాస్త్రం అడిగితే గడ్డి. 1927 నాటి భారత అటవీ చట్టం మాత్రం చెట్టేనంది. 2017 చివర్లో సవరణ చేసి, అడవి బయట పెంచిన వెదురును చెట్ల లెక్కలోంచి తీసేశారు. అంటే నల్లమలలో మొలిచిన నేను చెట్టును, చేను గట్టు మీద మొలిచిన నా తోబుట్టువు గడ్డి. వేరు అదే, ఆకు అదే, గణుపు అదే. ఇది మొదటిసారి విన్నప్పుడు వింతగా తోచింది. ఆయమ్మతో నాలుగు తెల్లవారుజాములు తిరిగాక వింత పోయింది. సందుకు ఈ చివర ఊడ్చేది పర్మినెంటు ఆయన. ఆ చివర ఊడ్చేది ఈమె. దుమ్ము ఒకటే. నడి సందులో ఇద్దరి చీపుర్లూ ఎదురుపడతాయి. జీతాలు మాత్రం ఎదురుపడవు.

ఇన్నేళ్లలో నా ఒంటి మీద రెండు చోట్ల అద్దంలా నునుపు తేలింది. పైది కుడి అరచెయ్యి ఆనే చోటు. దానికి మూరెడు కిందది ఎడమ చేతిది. ఆ ఎడమ చేతి బొటనవేలి మొదట్లో ఒక కాయ కాసింది ఆమెకు. అది రుద్దుకున్న చోట నాకు చిన్న గాడి పడింది. చీకట్లో కూడా ఆమె చేతులు తడుముకోకుండా ఆ రెండు చోట్లే వచ్చి పడతాయి. నాలుగున్నరకు మస్టరు, ఆ తర్వాత మేస్త్రీ చూపించిన సందు, తర్వాత కుప్పలు, తర్వాత తోపుడు బండి, తర్వాత ట్రాక్టరు. తెల్లారి మీరు గడప దాటే సరికి ఆమె పక్క సందులో ఉంటుంది. అందుకే మీకు ఊడ్చిన రోడ్డు కనిపిస్తుంది, ఊడ్చినామె కనిపించదు.

కాంట్రాక్టర్లు మారుతూ వచ్చారు. ఒకాయన ఉండేవాడు, పేరు వద్దులెండి, పి.ఎఫ్. పేరుతో జీతంలో కోసేవాడు గానీ ఎక్కడా కట్టేవాడు కాదు. అడిగితే నవ్వేవాడు. ఇంకొకాయన మూడు నెలలకు కలిపి రెండు నెలల జీతం ఇచ్చి, "మిగతాది టెండరు అయినాక" అని ఫోను ఆపేశాడు. ఆ రోజు ఆయమ్మ నాకు కొత్త కట్ట బిగిస్తూ, మేకు మీద రాయితో కొడుతూ, "ఈనెలు మారినట్ల మారుతాండారు నాబట్టలు" అంది. ఆ మాట ఇప్పటికీ మర్చిపోలేదు నేను.

జీతం పెరిగిన ప్రతిసారీ దాని ముందు ఒక సమ్మె ఉంది, లేకపోతే ఒక ఎన్నిక ఉంది. 2015 జూలైలో పనులు ఆపితే 8,300 కాస్తా 11,000 అయింది. పారిశుద్ధ్యాన్ని మొత్తంగా ప్రైవేటుకు అప్పజెప్పే 279 జీవో మీద 2018లో మళ్లీ రోడ్డెక్కారు. 2019లో 12,000 జీతానికి 6,000 హెల్త్ అలవెన్సు చేరి 18,000 అయింది. 2020 జూలైలో ఆప్కాస్ వచ్చింది, ప్రభుత్వమే పెట్టిన ఔట్‌సోర్సింగ్ కార్పొరేషను. జీతం నేరుగా బ్యాంకులో పడసాగింది. మధ్యవాడు పోయాడని ఆ నెల ఇంట్లో పాయసం వండారు. తప్పు చెప్పకూడదు, అది మంచే. కానీ పేరు మాత్రం ఔట్‌సోర్సింగ్ అనే ఉంది. అంటే బయటి మనిషి. ఊరి నడిమధ్య తెల్లారుజామున నిలబడి ఉన్న మనిషి ఏ రకంగా బయటిదో నాకు ఈనాటికీ అర్థం కాలేదు.

అదే ఏడు కరోనా. జనం మేడల మీంచి పూలు చల్లారు. ఆ పూలు ఊడ్చిందీ మేమే.

ఆ ఆరు వేల సంగతి కొంచెం ఆగి చెప్పాలి, తగువంతా అక్కడే ఉంది. అది జీతం కాదు. మురికిలో పనిచేసేవాళ్లకు జబ్బులు వస్తాయి కాబట్టి ఆరోగ్యం కోసం విడిగా ఇచ్చేది. వినడానికి బాగుంది. కానీ జీతం గోడ అయితే అలవెన్సు దానికి ఆనించిన నిచ్చెన. ఎప్పుడైనా తీసుకుపోవచ్చు. 2022లో మూల జీతం 15,000 అయ్యేసరికి ఆ ఆరు వేలకు గండం వచ్చింది. ఆ జూలైలో రాష్ట్రమంతా చీపుర్లు కింద పెడితే గానీ రెండూ కలిసి 21,000గా నిలబడలేదు. అందులో ఆమెకు ఎంత మిగిలేదో నాకు తెలుసు. ఎందుకంటే ఆమె లెక్కలు వేసేది నన్ను ఒళ్లో పెట్టుకునే. ఇంటి బాడుగ, పిల్ల కాలేజీ ఫీజు, మోకాళ్ల మాత్రలు. గణుపు గణుపుకు ఒక ఖర్చు చెప్పి వేలు కిందికి జరిపేది. నాకున్న గణుపులు అయిపోయేవి, ఖర్చులు మిగిలేవి.

2023 డిసెంబరు 26న మళ్లీ సమ్మె. ఈసారి అడిగినవి గట్టివి: కనీస వేతనం 26,000, సమాన పనికి సమాన వేతనం, పర్మినెంటు. సమాన వేతనం అనేది కొత్త కోరికేమీ కాదు. 2016 అక్టోబరులో సుప్రీంకోర్టే పంజాబ్ కేసులో తాత్కాలిక ఉద్యోగులకు ఆ సూత్రం వర్తిస్తుందని చెప్పింది. సమ్మె టెంటు కింద యూనియను ఆయన ఈ తీర్పు గురించి రోజుకొకసారైనా చెప్పేవాడు. ఇంకో రోజు అమెరికాలో మెంఫిస్ అనే ఊరి కథ చెప్పాడు. 1968లో అక్కడ ఇద్దరు కార్మికులు చెత్త లారీ యంత్రంలో నలిగి చనిపోతే, పదమూడు వందల మంది పని ఆపారట. మెడలో అట్టలు వేసుకుని నడిచారట. ఆ అట్టల మీద "నేను మనిషిని" అని మాత్రమే ఉండేదట. వాళ్లకు అండగా వెళ్లిన మార్టిన్ లూథర్ కింగ్‌ను ఆ ఊళ్లోనే ఏప్రిల్ 4న కాల్చి చంపారట. టెంటులో కాసేపు ఎవరూ మాట్లాడలేదు. తర్వాత వెనకనుంచి ఒకామె, "వాళ్లకి జీతం పెరిగిందా సారూ?" అంది. పెరిగిందన్నాడు. "అయితే మంచిదే" అంది.

చాలామంది చీపురు కర్రలకు జెండాలు కట్టారు. ఫోటోల వాళ్లకు అది బాగుంటుంది. నాకు కట్టలేదు. నేను బరువు, చెయ్యి నొస్తుందని ఇంట్లోనే గోడకు ఆనించిపోయేది. కొన్ని రోజులు మాత్రం చేతికర్రలా పట్టుకుపోయింది, మోకాలికి ఆసరాగా. అట్లా విన్నవే ఇవన్నీ. అంగన్‌వాడీ టీచర్లు, ఆయాలు అప్పటికే డిసెంబరు 12 నుంచి సమ్మెలో ఉన్నారు. వీళ్ల టెంటులో మజ్జిగ కలిపితే వాళ్లకు రెండు గ్లాసులు పోయేవి. జనవరి 6న అంగన్‌వాడీల మీద సమ్మెలను నిషేధించే ఎస్మా పెట్టారన్న కబురు వచ్చినప్పుడు, అదంటే ఏందో తెలియని ఆడవాళ్లు కూడా కొంగు ముడేసుకుని కూర్చున్నారు.

ఊరు కంపు కొట్టడం మొదలైంది. కొత్త సంవత్సరం కేకు డబ్బాలు, అరటాకులు, కోడి ఈకలు, పిల్లల డైపర్లు. కుక్కలు లాగి పడేసినవి లాగి పడేసినట్టే. మొదటి వారం జనం "పాపం" అన్నారు. రెండో వారం "ఇంకెన్నాళ్లు?" అన్నారు. పని ఉన్నదని జనానికి తెలియాలంటే పని ఆగిపోవాలి కాబోలు.

అప్పుడే రుద్రవరం నుంచి ఆమె తమ్ముని పెండ్లాం వచ్చింది. చేలల్లో కూలి సరిగ్గా లేదు, పండగ దగ్గరపడుతోంది. బయటివాళ్లను పెట్టి కుప్పలు ఎత్తిస్తున్నారని, రోజుకు ఐదొందలని ఎవరో చెప్పారట. వచ్చిన రాత్రి ఏమీ చెప్పలేదు. తెల్లారుజామున నాలుగింటికి లేచి, చప్పుడు చెయ్యకుండా వచ్చి నన్ను పట్టుకుంది. కొత్త చేతులు. నునుపున్న చోట పడలేదు, రెండు గణుపుల కింద పడ్డాయి. నేను గోడకు తగిలి 'టక్' మన్నాను. కావాలని కాదు.

దీపం వెలిగింది.

"యాడికే?"

"వదినా... ఊరికే కూచుంటే ఏమొస్తాది? రెండు దినాలు పోయొస్తా."

ఆయమ్మ తిట్టలేదు. నన్ను తీసుకుని కింద కూర్చుంది. మేకు ఊడబీకింది. ట్యూబు ముక్క నాలుగు చుట్లూ విప్పింది. ఈనెల కట్ట ఊడి వచ్చింది. అది మరదలి చేతిలో పెట్టి, "ఈనెలు వాళ్లిచ్చినవి. పట్టకపో. కర్ర మా నాయనది" అంది.

మరదలు గుమ్మంలో ఆ కట్ట పట్టుకుని ఒక్క నిమిషం నిలబడింది. తర్వాత వెళ్లింది. వెళ్లలేదని చెబితే కథ బాగుండేది. కానీ వెళ్లింది.

మధ్యాహ్నం నడుము పట్టుకుని వచ్చింది. కర్ర లేని చీపురుతో రోడ్డు ఊడవడమంటే పొద్దంతా వంగి ఉండడమే. చేతిలో మూడొందల యాభై ఉంది. మిగతా నూటయాభై పనిలో పెట్టించినవాడు తీసుకున్నాడట. ఆయమ్మ నోట్లను చూసి ఫక్కున నవ్వేసింది. ఆ నవ్వు ఏడుపు కంటే గట్టిగా ఉంది.

"ఒక్క దినానికే నీకూ కాంట్రాక్టరు దొరికినాడే!"

ఆ డబ్బుతో కూరగాయలు వచ్చాయి. అందరూ తిన్నారు, ఎవరూ ఏమీ అనలేదు. రెండో రోజూ వెళ్లింది మరదలు. మూడో రోజు వెళ్లలేదు. నడుము పట్టేసిందని చెప్పింది. నిజమే అయుంటుంది. సాయంత్రం బస్సుకు రుద్రవరం వెళ్లిపోయింది. అరిగిన ఆ కట్టను మూలన పెట్టి పోయింది.

సంక్రాంతి దగ్గరపడ్డాక మంత్రుల బృందంతో చర్చలు జరిగాయి. ఆ ఆరు వేలనీ జీతంలో కలిపేసి 21,000 చేస్తామన్న హామీతో సమ్మె ఆగింది. నిచ్చెన గోడలో కలిసిందన్నమాట, ఆ మేరకు గెలుపే. 26,000 రాలేదు. పర్మినెంటు మాట కమిటీల దగ్గరే ఉండిపోయింది.

తర్వాత 2025 ఆగస్టులో, చెన్నైలో రిప్పన్ బిల్డింగు ముందు పారిశుద్ధ్య కార్మికులు రోజుల తరబడి కూర్చుంటే, అర్ధరాత్రి పోలీసులు లేపేశారు. రెండు జోన్ల పని ప్రైవేటుకు ఇవ్వొద్దని వాళ్ల గొడవ. పిల్ల ఫోనులో వీడియో చూపిస్తుంటే, అందులో ఒకామె ఏడుస్తూ తెలుగులో మాట్లాడింది. తరాల కిందట ఇటునుంచి పోయి ఆ ఊరు ఊడుస్తున్న కుటుంబాలు అక్కడ బోలెడు ఉన్నాయట. ఆయమ్మ ఆ వీడియోను రెండుసార్లు చూసింది. "ఆమె చెయ్యి చూడు, బొటనేలి కాడ కాయ" అంది.

మా సమ్మె ఆగిన మర్నాటి సంగతి చెప్పి ముగిస్తాను. రెండు వారాలు పైబడిన చెత్త. అడుగున తడిసి రోడ్డుకు అంటుకుపోయింది. కొత్త కట్ట బిగించింది. సైకిల్ ట్యూబు లాగి లాగి నాలుగు చుట్లు, మేకు మీద ఆరు దెబ్బలు. చేతులు వచ్చి వాటి చోట్ల వాలాయి. రెండు వారాలు విశ్రాంతి తీసుకున్న కాయ మెత్తబడింది, మళ్లీ గాడిలో కూర్చోవడానికి కొంచెం తడబడింది. ఎనిమిదింటికి ఫోను మోగింది. నన్ను చంకలో ఇరికించుకుని ఎత్తింది. రుద్రవరం నుంచి పెద్దాయన. చెవులు సరిగా వినపడవు ఆయనకు, అందుకే గట్టిగా అరుస్తాడు, నాక్కూడా వినపడుతుంది.

"పర్మినెంటు చేసినారా పాపా?"

"లేదు నాయనా."

కాసేపు అటునుంచి ఏమీ లేదు. దగ్గు.

"కర్ర ఎట్లుంది?"

ఆయమ్మ నన్ను పైనుంచి కిందిదాకా ఒకసారి చూసింది.

"ఉంది నాయనా. ఉండు, ట్రాక్టరు వస్తాంది" అని ఫోను రొంటిన దోపుకుంది.