ఏదీ, నాలుక చాపు!

ఇంటర్‌లో ఎంపీసీ చదివినోళ్లూ తర్వాత బయాలజీని అదనపు సబ్జెక్టుగా రాసి గట్టెక్కితే నీట్‌కు కూర్చోవచ్చని జాతీయ వైద్య కమిషన్ 2023 నవంబరులో సెలవిచ్చింది.

అంతకుముందు 1997 నిబంధన. రెండేళ్లు కాలేజీకి పోయి, ల్యాబులో నిలబడి చదవాల్సిందే.

పాపం, ల్యాబు కప్పలు! పాతికేళ్ల తర్వాత ఊపిరి పీల్చుకున్నాయి.

అదే 2023 సెప్టెంబరులో పీజీ నీట్‌కు సున్నా పర్సంటైల్ చాలన్నారు. కింద మెట్టు తగ్గింది, పైమెట్టు ఆ ఏడాది అసలే లేదు.

ఇటు తెలంగాణలో జనగామ, మహబూబాబాద్, భూపాలపల్లి: మూడుచోట్లా సర్కారు మెడికల్ కాలేజీలొచ్చాయి. ఇక జనగామ జిల్లా పాలకుర్తి పోరగాళ్లను ఆపేదెవరు?

ఓ ఎంపీసీ మనవడు అప్పుడే వైద్యం మొదలుపెట్టాడు.

"అవ్వా, నీ మోకాలు తొంభై డిగ్రీలు వంగుతలేదు. నలభై అయిదు దగ్గరే ఆగింది."

"నొప్పి తగ్గేదెట్ల బిడ్డా?"

"కోణం కొలుసుడే నా పని. నొప్పి బయాలజీల వస్తది. అది సప్లిమెంటరీల రాస్త."

అవ్వ కర్ర అందుకుంది.

"సూది గుచ్చుడన్న నేర్పుతరా, అదిగూడ అదనపు సబ్జెక్టేనా?"