గుద్దినోడు, గుద్దించుకున్నోడు

మనుషులకు దెబ్బ తగలకుండా బండ్లకు మాత్రమే సొట్ట పడే ప్రమాదాన్ని చిన్న గుద్దుడు అంటారు. పెద్ద ప్రమాదమైతే తప్పెవరిదో తేల్చడానికి పోలీస్ స్టేషన్, కోర్టు, మోటారు ప్రమాదాల క్లెయిముల ట్రిబ్యునల్ ఉన్నాయి. చిన్నదానికి చౌరస్తా ఉంది. అక్కడ విచారణ వెంటనే మొదలవుతుంది, వాయిదాలుండవు, వకీళ్లు పిలవకుండానే వస్తారు.

హుజూరాబాద్ ఇందుకు అనువైన ఊరు. కరీంనగర్ నుంచి వరంగల్ పోయే 563వ నంబరు జాతీయ రహదారి మీద ఉంది. ఆర్టీసీ డిపో ఇక్కడే. పత్తి కాలంలో జమ్మికుంట మార్కెట్‌కు పోయే ట్రాక్టర్లు, ట్రాలీకి రెండు వైపులా మూరెడు పత్తి పొంగించుకుని, వెనక వచ్చేవాడికి ఆకాశం తప్ప ఏమీ కనబడకుండా నడుస్తాయి. వీటన్నిటి నడుమ బర్రెలు తమ పాత హక్కును వదులుకోలేదు.

ఉదాహరణకు, అంబేడ్కర్ చౌరస్తా దగ్గర ముందు కారు బర్రెను చూసి టక్కున ఆగింది. వెనక కారు దాన్ని చూసింది కానీ ఆగలేదు. వెనక కారు యజమానీ ఈ వ్యాసకర్తా ఒకరే కావడం వల్ల వివరణలో నిష్పాక్షికత ఏమీ తగ్గదు.

మొదటి దశ దిగడం. ఎవడు ముందు దిగితే వాడు ఫిర్యాదుదారు, ఆలస్యంగా దిగినవాడు ముద్దాయి. సీటు బెల్టు పెట్టుకున్నవాడికి ఇక్కడ రెండు సెకన్ల నష్టం. దిగినవాడు ఎదుటి మనిషి ముఖం చూడడు, తన బంపర్ చూసుకుంటాడు. ఆ తర్వాత సంప్రదాయ ప్రశ్న వస్తుంది.

“కండ్లు కనవడ్తలెవ్వా?”

“నువ్వు నడి రోడ్డు మీద బ్రేకెందుకు కొట్టినవ్?”

“బర్రె అడ్డమొస్తె ఏం జెయ్యాలె? దాని మీదికెక్కియ్యాలెనా?”

ఈ మూడో ప్రశ్నకు వెనక కారు యజమానులు ఇంతవరకూ జవాబు కనిపెట్టలేదు.

రెండో దశలో సాక్షులు చేరుతారు. గుద్దుడు చూసినవాడు సాధారణంగా తన పనిమీద పోతాడు. చప్పుడు విని హోటల్లోంచి చాయ్ గ్లాసుతో బయటికొచ్చినవాడే ప్రత్యక్ష సాక్షి. అతడు నంబరు ప్లేటు చదివి తీర్పు చెబుతాడు. ఏపీ 15 అయితే 2014కు ముందటి బండి, బ్రేకులు అరిగి ఉంటాయి. టీజీ 02 అయితే 2024 తర్వాతిది, నడిపేవాడు నిన్నమొన్న నేర్చుకున్నవాడు. నడిమిట్ల టీఎస్ 02 వాళ్లకు కొంత గౌరవం ఉంది. ఏపీ 36 కనబడిందా, వరంగల్ బండి, తప్పు ఎవరిదో వేరే చెప్పనక్కర లేదు.

ఆ వెంటనే ఇద్దరి చేతుల్లోకీ ఫోన్లు వస్తాయి. 2021 అక్టోబర్ 30న ఉపఎన్నిక జరిగినప్పుడు రాష్ట్రంలోని నాయకులంతా నెలల తరబడి ఈ నియోజకవర్గంలోనే తిరిగారు. అప్పుడు పంచిన నంబర్లు జనం ఫోన్లలో ఇంకా భద్రంగా ఉన్నాయి. అవతల ఎత్తేవాళ్లే తగ్గారు.

ఇక చట్టం. ముందు బండి హఠాత్తుగా ఆగినా తాకకుండా ఆపుకోగలిగేంత దూరం వదలాలని 1989 నాటి రోడ్డు నిబంధనలు చెప్పాయి. వాటి స్థానంలో 2017లో వచ్చిన డ్రైవింగ్ నిబంధనలూ దూరం పాటించమనే అంటాయి. అంటే తప్పు మొదట వెనకవాడి మీదికే పోతుంది. అయితే ఆ పాత నిబంధనల్లోనే, భద్రత కోసం తప్ప హఠాత్తుగా బ్రేకు వేయరాదని ఇంకోటి ఉంది. వెనక కారు యజమాని దాన్ని ఫోన్లో వెతికి గట్టిగా చదివాడు. “బర్రె భద్రత కాదా?” అని హోటల్ సాక్షి అడగడంతో ఆ వాదం అక్కడే పడిపోయింది.

జంతువు అడ్డం వచ్చిన కేసుల్లో ప్రసిద్ధమైనది ఇంగ్లండ్‌లో 1842లో తేలింది. ఒకాయన తన గాడిదకు ముందుకాళ్లు బంధం వేసి రోడ్డు మీద మేతకు వదిలాడు. గుర్రపు బండి వచ్చి గుద్దింది, గాడిద చచ్చిపోయింది. గాడిదను అట్లా వదలడం తప్పేనన్న వాదన వచ్చినా, తప్పించే చివరి అవకాశం బండివాడి చేతిలోనే ఉందని కోర్టు గాడిద యజమానిని గెలిపించింది. ఇప్పుడు చట్టం అంత మొండిగా లేదు. మన ట్రిబ్యునళ్లు ఎవరి నిర్లక్ష్యం ఎంత శాతమో లెక్కగట్టి పరిహారాన్ని ఆ మేరకు తగ్గిస్తాయి. హుజూరాబాద్ బర్రె వాటా ఎంతో తేల్చాలంటే యజమాని దొరకాలి. రోడ్డు మీద ఉన్నంతసేపు బర్రెకు యజమాని ఉండడు, పాలు పిండే వేళకు వస్తాడు.

థర్డ్ పార్టీ బీమా కింద అవతలివాడి ఆస్తి నష్టానికి కారు పాలసీ 7.5 లక్షల రూపాయల దాకా భరిస్తుంది. కానీ దానికి కేసు, ట్రిబ్యునల్ కావాలి. బంపర్ కోసం అంత దూరం పోయినవాడిని ఊళ్లో అదోలా చూస్తారు. సొంత బీమా లెక్క ఇంకా విచిత్రం. వెనక కారు ముందు బంపర్‌కు 4,000 ఖర్చనుకుందాం. ప్లాస్టిక్ కాబట్టి తరుగు కింద సగం పోతుంది, మిగిలింది 2,000. 1,500 సీసీ లోపు కారుకు యజమాని విధిగా భరించాల్సింది 1,000. చేతికొచ్చేది 1,000. అటుపక్క, క్లెయిమ్ లేని ఏళ్లకు బోనస్ 20 శాతంతో మొదలై 25, 35, 45, చివరికి 50కి చేరుతుంది, ఒక్క క్లెయిమ్‌తో సున్నాకు దిగుతుంది. సొంత నష్టం ప్రీమియం 6,000 ఉన్నవాడు ఐదో ఏట ఈ వెయ్యి తీసుకుంటే వచ్చే ఏడాది రావలసిన 3,000 రాయితీ పోగొట్టుకుంటాడు. అందుకే అందరూ బీమా కడతారు, సొట్టకు మాత్రం జేబులోంచి కడతారు.

చివరి దశ రాజీ. గుంపులోంచి తెల్ల అంగీ వేసుకున్న పెద్దమనిషి ఒకాయన ముందుకొచ్చి “ఇద్దరిదీ తప్పే, ఏదో ఒకటి తెంపుకోండ్రి” అంటాడు. అప్పటిదాకా ‘నువ్వు’ అనుకున్నవాళ్లు ‘అన్నా’ అనుకోవడం మొదలైతే బేరం దగ్గరపడ్డట్టే. ముందు కారు అన్న 5,000 అడిగాడు. వెనక కారు అన్న 500 అన్నాడు. 1,500 దగ్గర తెగింది. చాయ్‌ల డబ్బులు వెనక కారుకే పడ్డాయి, సాక్షిదీ కలిపి.

మరునాడు వెనక కారు తన బంపర్ బిగించుకోవడానికి టింకరింగ్ షెడ్డుకు పోతే, ముందు కారు అక్కడే నిలబడి ఉంది. షెడ్డు పిల్లగాడు సొట్ట మీద ఒక గిన్నెడు మసిలే నీళ్లు పోసి లోపలి నుంచి గుద్దాడు. బంపర్ టప్పుమని లేచింది.

“ఎంతయ్యింది తమ్మీ?”

“ఉడుకు నీళ్లకేంది అన్నా, నూరు రూపాలియ్యి.”