వివరముల వరుస ఆత్మకథ

నేను ఒక జమాఖర్చుల పట్టికయందు మూడవదియైన నిలువు వరుసను. నా శిరోభాగమున ‘వివరము’ అని వ్రాసియుండును. నాకు ఎడమవైపున క్రమసంఖ్య, తేదీ అను ఇరువురును, కుడివైపున రూపాయలు, వోచరు నంబరు అను ఇరువురును నివసింతురు. వారిలో ఎవ్వరికిని ఆత్మకథ వ్రాసికొనవలసిన అగత్యము లేదు. ఏలయనగా అంకెలు పొట్టివి, ఏది ఎంత స్థలమాక్రమించునో ముందుగనే లెక్క కట్టవచ్చును. నా సంగతి అట్టిది కాదు. మనుష్యుడు తాను చేసిన వ్యయమునకు సంజాయిషీ చెప్పుకొను చోటు నేను. సంజాయిషీ ఎంత పొడవగునో ముందుగా చెప్పగలవారెవరు?

నా పూర్వులు సీసపుటక్షరముల కాలమున, అచ్చుకూటములలో ఇత్తడి రూళ్ళ నడుమ బ్రదికిరి. వారి వెడల్పును కంపోజిటరు ఒకమారు నిర్ణయించెనా, ఇక దానికి తిరుగు లేదు. మాట పట్టకున్నచో మాటయే విరుగవలెను గాని రూలు జరుగదు. కంప్యూటరు యుగమున ఈ నిశ్చలత చెదరెను. 1978లో డొనాల్డ్ కనూత్ అను గణకశాస్త్ర పండితుడు వెలువరించిన టెక్ అను అక్షరకూర్పు తంత్రములో వరుస తనయందలి అత్యంత విస్తారమైన గడిని చూచి తన వెడల్పును తానే నిర్ణయించుకొనుట నేర్చెను. ఆ శాఖవారియందు నాకొక గౌరవము కలదు: నియమిత స్థలమును మాట దాటినచో వారు దానిని దాచక, ఎన్ని పాయింట్లు దాటెనో చిట్టాలో వ్రాసి మరీ చెప్పుదురు. మరుసటి సంవత్సరము వచ్చిన విసికాల్క్ అను లెక్కల పట్టికల తంత్రములో అన్ని వరుసలకును ఒకటే వెడల్పు. అది సమానత్వమే కాని, క్రమసంఖ్యకును వివరమునకును సమానత్వమేమిటో నాకు నేటికిని బోధపడలేదు.

నేను పుట్టినది వర్డ్ లో, తెనాలిలోని ఒక డి.టి.పి. దుకాణమున. ఏ ఫోర్ కాగితము 21 సెంటీమీటర్ల వెడల్పు కలది. ఇరుప్రక్కల అంగుళము చొప్పున అంచు విడువగా మిగులునది 15.92 సెంటీమీటర్లు. దానిని ఐదుగురికి సమముగా పంచిరి గనుక జన్మకాలమున నా వాటా రమారమి 3.18. ఇందులోను ఒక కిటుకున్నది. గడికి లోపలివైపున, కుడియెడమల 0.19 సెంటీమీటరు చొప్పున ఖాళీ విడువబడును. కావున నా వెడల్పు ఎంతయని గీతలను కొలిచి చెప్పినను, అక్షరములకు దక్కునది అంతకు 0.38 తక్కువ. ఈ సంగతి నెరుగనివారు మాట చక్కగా పట్టునని లెక్క వేసి, అది క్రింది పంక్తికి దిగిపోగా యంత్రమును నిందింతురు.

ఇంకొక రహస్యము. ఫైలులో నా వెడల్పు ఒక్క చోట గాక రెండు చోట్ల వ్రాయబడియుండును. పట్టిక కంతటికిని మొదట ఒక చట్రము గీసి అందు ప్రతి వరుసకును కొలత వ్రాయుదురు. పిమ్మట ప్రతి గడియందును దానికి ఇష్టమైన కొలత వేరుగా వ్రాయుదురు. 2006లో ఈసీఎంఏ-376 అను ప్రమాణముగా ప్రకటింపబడిన డాక్స్ ఫైళ్ళ కట్టడి ఇదియే. రెండింటను కొలమానము ట్విప్. అనగా పాయింటులో ఇరువదవ వంతు, అంగుళమునకు 1440. ఈ రెండు లెక్కలును ఏకీభవించినంత కాలము చిక్కు లేదు. భేదించినపుడు ఒక తంత్రము చట్రమును నమ్మును, వేరొక తంత్రము గడులను నమ్మును. అందుచేతనే ఒక యంత్రమున ఒద్దికగా కనబడిన పట్టిక వేరొక యంత్రమున తెరచినంతనే చిందరవందర యగును.

నా కష్టములకు మూలము ఒక రిటైర్డు తెలుగు మాస్టారు. ఆయన ఊరి గ్రంథాలయమునకు మరమ్మతులు చేయించి, దాని లెక్కలను ఒక చిన్న పుస్తకముగా అచ్చొత్తింప బూనుకొనిరి. ఒకనాడు ఆ దుకాణమున పనిచేయు అమ్మాయి ఆయన చేవ్రాత చూచుకొనుచు నాలో ఒక గడియందు ‘గ్రంథాలయభవనపునరుద్ధరణకార్యనిర్వాహకసంఘసభ్యులకు ఉపాహారములు’ అని కొట్టెను. ఆ మొదటి మాట నడుమ ఎచ్చటను ఖాళీ లేదు, అడ్డగీత లేదు. అవి లేనిచోట పంక్తిని విరుచుట యంత్రమునకు సమ్మతము కాదు. అప్పుడు పట్టిక ‘ఆటోఫిట్’ అను స్థితిలో ఉండెను. ఆ స్థితిలో ప్రతి వరుసకును రెండు కొలతలు చూతురు: విరుగని మాటలలో మిక్కిలి పొడవైనది పట్టుటకు కావలసిన కనీసపు వెడల్పు ఒకటి, ఏ మాటయు రెండవ పంక్తికి దిగకుండుటకు కావలసిన గరిష్ఠపు వెడల్పు రెండవది. ఆ రెంటి నడుమ, ఉన్న స్థలమును బట్టి పంపకము జరుగును. మాస్టారి సమాసముతో నా కనీసపు వెడల్పే పుటలో సగమునకు మించిపోయెను. నేను కోరకయే ఉబ్బితిని; నా పొరుగువారు కోరకయే చిక్కిరి. తేదీ గడి మరీ చిక్కిపోయి, అందలి అడ్డగీతల యొద్ద విరిగి, దినము ఒక పంక్తిలో, మాసము ఒక పంక్తిలో, సంవత్సరము ఒక పంక్తిలో మెట్లవలె దిగెను.

అమ్మాయి నా కుడిగీతను పట్టి ఎడమకు లాగెను. గీత వచ్చెను, కాని తరువాతి అక్షరము కొట్టినంతనే మరల యథాస్థానమునకు పోయెను.

“ఏమ్మా, ఆ గీత ఒకచోట నిలబడదేం?” అని మాస్టారు వెనుకనుండి అడిగిరి.

“మీ మాట చాలా పెద్దదండీ మాస్టారూ. మధ్యలో హైఫన్ పెట్టి విడగొడితే సర్దుకుంటుంది.”

“సమాసాన్ని విడగొడతావా? వద్దమ్మా, వద్దు. చూడ్డానికి ఎబ్బెట్టుగా ఉంటుంది.”

ఇక ఆమె మరింత పట్టుదలతో, అనుకొనకయే ఒక గడిని ఎంపిక చేసియుంచి గీతను లాగెను. గడి ఎంపికలో ఉన్నప్పుడు లాగినచో ఆ గడి గీత మాత్రమే జరుగును. పైగడులును క్రిందిగడులును కదలవు. దీనితో నా కుడిగీత వంకర టింకరయై, ఆ జరుగుబాటునకు తగినట్లు చట్రములో నాకును రూపాయలకును నడుమ ఒక సన్నని కొత్త వరుస పుట్టుకొచ్చెను. దానికి శీర్షిక లేదు, వస్తువు లేదు. పైన ‘చెల్లింపులు’ అని రెండు వరుసలను కలిపి కట్టిన శీర్షికగడి వేరొకటి ఉండనే ఉన్నది. అది మొదలు నన్ను నిలువునా ఎంపిక చేయబోయినవారికి నాలో సగమును, పొరుగువానిలో కొంతయు పట్టుబడుచుండెను. వెడల్పుల చిక్కులలో అధికభాగము ఇట్టి కలిసిన గడుల యొద్దను, కంటికానని ఈ సన్న వరుసల యొద్దను పుట్టుననియే నా నిశ్చితాభిప్రాయము. గీతలను లాగువారు మాత్రము వాటిని అనుమానింపనే అనుమానింపరు.

సాయంకాలమునకు దుకాణపు యజమాని వచ్చెను. ఆయన గీతను తాకలేదు. నాకు ఆయనయందు విశ్వాసము కలిగినది అందువలననే. ముందు ‘చెల్లింపులు’ గడిని విడదీసెను. పిమ్మట పట్టిక మూలనున్న నాలుగు బాణముల గుర్తును నొక్కి అందరిని ఒక్కమారుగా ఎంపిక చేసి, పట్టిక లక్షణముల పెట్టెలో, లోపలి సరకునుబట్టి వెడల్పు తానే మారునను ఎంపిక కెదురుగా ఉన్న టిక్కును తీసివేసెను. అప్పుడు ఒక్కొక్క వరుసకును అంకెతో కొలత నిచ్చెను: క్రమసంఖ్యకు 1.2, తేదీకి 2.4, నాకు 6.9, మిగిలిన ఇరువురికి 2.7 చొప్పున. కూడిన 15.9. సన్న వరుస అంతరించెను. చట్రపు లెక్కయు గడుల లెక్కయు ఒక్కటయ్యెను. అంతయు కుదిరిన పిదపనే శీర్షికను మరల కలిపెను. తేదీలలోని అడ్డగీతలకు బదులు కంట్రోలు, షిఫ్టు మీటలతో వచ్చు విరుగని గీతలను పెట్టించెను.

నేను కదలకుంటిని గాని మాస్టారికి తృప్తి కలుగలేదు. వెడల్పు స్థిరమైనపుడు పట్టని మాటను యంత్రము తనకు తోచినచోట త్రుంచును. అది ‘పునరుద్ధర’ వరకు ఒక పంక్తిలో ఉంచి, ‘ణ’ అను అక్షరమును క్రిందికి పడద్రోసెను. మాస్టారు కళ్ళద్దములు తీసి, తుడిచి, మరల పెట్టుకొని చూచిరి.

“ఇంతకంటె హైఫనే నయం కదయ్యా.”

“హైఫన్ అక్కర్లేదండీ. కనబడకుండా విడగొడతాను, చూడండి,” అని యజమాని ‘భవన’ అను పదము తరువాత కర్సరు నుంచి, 200బి అని కొట్టి, ఆల్ట్ మీటతో ఎక్స్ మీట నొక్కెను. ఆ అంకెలు మాయమయ్యెను. వాటిచోట వెడల్పు సున్నయైన ఖాళీ ఒకటి చేరెను; కన్నునకు కానరాదు, కాగితముపై అచ్చు పడదు, కాని పంక్తి విరుగవలసివచ్చినపుడు యంత్రమునకు అనుజ్ఞ నిచ్చును. సమాసములో పదములు కలిసిన ప్రతి సందునను ఆయన దానిని పెట్టగా, మాట భవన యొద్ద ఒద్దికగా విరిగి, పునరుద్ధరణ మొదలుగా రెండవ పంక్తికి దిగెను. మాస్టారు ఆ గడిని రెండుమారులు చదివి, ఏ గుర్తును లేదని నిర్ధారణ చేసికొని, తల పంకించిరి.

మరునాడు ఆయన మరల వచ్చి, ఆ సంఘము పేరు పట్టికలో ఎన్ని చోట్ల వచ్చెనో వెదకి చెప్పుమని అమ్మాయిని కోరిరి. ఆమె సమాసమంతయు కొట్టి వెదకెను. ఒక్కచోటను లేదని యంత్రము బదులు చెప్పెను. కంటికి కానరాని ఆ ఖాళీలు వెదకునపుడు అక్షరములే గదా. అవి లేని సమాసమును అవి యున్న సమాసముతో యంత్రము సరిపోల్చలేకపోయెను.

“ఎదురుగా కనబడుతుంటే లేదంటుందేమిటమ్మా?”

“ముక్కగా వెతుకుదాం మాస్టారూ, రెండు సందుల మధ్య మాట చాలు,” అని ఆమె ‘కార్యనిర్వాహక’ అని కొట్టెను. గడి వెంట గడి పసుపుపచ్చగా వెలిగెను. మాస్టారు వ్రేలితో ఒక్కొక్కటే చూచుకొనుచు వచ్చి, ప్రతిదాని ప్రక్కను ఉపాహారములే యుండుట గమనించి, నన్ను విడిచి నా కుడిప్రక్కనున్న రూపాయల వరుసను కూడుమనిరి.