మా రోజుల్లో కరెంటు వైద్యం

మా రోజుల్లో హీరోని చంపాలంటే రచయితకి క్యాన్సర్ కంటే తేలికైన దారి ఉండేది కాదు. ఓ దగ్గు, రుమాలు మీద ఎర్రటి మరక, కళ్ళజోడు తీసి తల అడ్డంగా ఊపే డాక్టరు. ఆ మరక వేసింది మేకప్ వాళ్ళం మేమే. 1981లో 'ప్రేమాభిషేకం' చూసి హాలంతా వెక్కివెక్కి ఏడ్చింది. నేనూ ఏడ్చాను. గొప్ప సినిమా, కాదనను. కానీ క్యాన్సరంటే చావేనన్న మాట ఇంటింటా నాటుకోవడంలో మా వాటా తక్కువేం కాదు. భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు గారి బృందం అమెరికాలో చేసిన మందుతో 1948 నాటికే పసిపిల్లల బ్లడ్ క్యాన్సర్ కొంతకాలం వెనక్కి తగ్గింది. నేను పనిచేసిన ఏ సినిమాలోనూ ఆ ఊసు రాలేదు.

మద్రాసులో ఉన్నన్నాళ్ళూ అడయారు క్యాన్సర్ ఆసుపత్రి పేరు గొంతు తగ్గించి చెప్పుకునేవాళ్ళం. హైదరాబాదులో మెహదీ నవాజ్ జంగ్ పేరున 1955లో వెలిసిన రేడియం ఆసుపత్రిదీ అదే వరస. బంజారాహిల్స్‌లో ముందుగా ఇల్లు కట్టుకున్న వాళ్ళలో ఒకరాయన. ఆయన పేరెత్తితే ఇప్పటి కుర్రాళ్ళు తెల్లమొహం వేస్తారు.

ఇప్పుడు అదే కొండల మీద బసవతారకం ఆసుపత్రి ఉంది. ఎన్.టి. రామారావు గారి భార్య బసవతారకం క్యాన్సర్‌తోనే పోయారు. ఆవిడ పేరున 2000లో తెరిచారు. ఫిల్మ్‌నగర్ నుంచి ఆటో ఎక్కితే చాలు. దగ్గరికొచ్చింది ఆసుపత్రే గానీ తెలివి కాదు. మా అపార్ట్‌మెంటు మీద సెల్ టవర్ పెడతారంటే రేడియేషన్, రేడియేషన్ అని అర్ధరాత్రిదాకా అరిచారు. అరిచినవాళ్ళే కిందికి దిగి సిగరెట్లు వెలిగించారు. ఫోను తరంగాలకి డీఎన్ఏని తెంచేంత బలం లేదు. ఆ పొగకుంది.

మా డబ్బింగ్ మిత్రుడికి గొంతు క్యాన్సర్ వచ్చింది. కరెంటు పెట్టాలన్నారు, అంటే రేడియేషన్ వైద్యం. వేడినీళ్ళలో మెత్తబడ్డ ప్లాస్టిక్ జాలీని మొహం మీద పరిచి, ముక్కూ గడ్డం అచ్చు దిగేలా వేళ్ళతో అదిమారు. కాసేపట్లో గట్టిపడింది. రోజూ ఆ మాస్కు తొడిగి, తల కదలకుండా బల్లకి బిగించేవాళ్ళు. ఆర్టిస్టుల మొహాలకి అచ్చులు తీసిన నా చేతులు అది చూసి వణికాయి.

డాక్టరు గారు విడమరిచి చెప్పారు. ఎప్పుడు విడిపోవాలి, ఎప్పుడు ఆగాలి, పాడైతే ఎప్పుడు చావాలి అన్న ఆజ్ఞలు కణంలోని డీఎన్ఏలో ఉంటాయి. పొగ వల్లో, వయసు వల్లో ఆ రాతలో తప్పులు పేరుకుంటే కణానికి ఆగడం తెలియదు. రేడియేషన్ ఆ డీఎన్ఏ పోగుల్ని తెంపుతుంది. మంచి కణం మర్నాటికి చాలావరకు అతుకు వేసుకుంటుంది. క్యాన్సర్ కణానికి ఆ పని సరిగ్గా చేతకాదు, విడిపోబోయి చస్తుంది. అందుకే ఒక్కసారే గుమ్మరించకుండా రోజుకి సుమారు 2 గ్రేల (గ్రే అంటే రేడియేషన్ మోతాదు కొలత) చొప్పున, వారానికి 5 రోజులు, ఆరేడు వారాలు ఇస్తారు.

బాధ లేదా? ఎందుకు లేదు! నోరు పూసింది, లాలాజలం ఎండింది, మెడ చర్మం మాడినట్టు నల్లబడింది, కిరణం తగిలినచోట గడ్డం రాలిపోయింది. వీటికంటే వాణ్ణి కుంగదీసింది ఇంట్లోవాళ్ళు మనవణ్ణి దగ్గరికి రానివ్వకపోవడం. మిషను ఆపితే కిరణాలు ఆగిపోతాయి, ఒంట్లో ఏమీ మిగలదు. ఇంత చదువుకున్న ఇంట్లో ఆ ముక్క తెలియదా? పైగా ఫోనులో ఎవడో కషాయం చెప్పాడని కరెంటు మానెయ్యమన్నారు. మధ్యలో మానితే మిగిలిన కణాలు మళ్ళీ పెరుగుతాయి. నేను దెబ్బలాడి తీసుకెళ్ళాను. ఇప్పుడు గొంతు బొంగురే, మజ్జిగన్నమే తింటాడు, కానీ తింటున్నాడు.

రేడియేషన్ మంచిదేనని స్కాన్ల మీద స్కాన్లు తీయించుకోమనడం లేదు. ఒక్క ఛాతీ సీటీ స్కాన్‌లో మామూలు ఎక్స్‌రే కంటే రేడియేషన్ పదుల రెట్లు ఎక్కువ. మా రోజుల్లో డాక్టరు రాస్తే తీయించేవాళ్ళం. ఇప్పుడు తలనొప్పికి కూడా జనమే స్కాన్ అడుగుతున్నారు.

'ప్రేమాభిషేకం'లో జబ్బు దాచిన హీరో వేషం అక్కినేని నాగేశ్వరరావు గారిదే. అదే ఆయన 2013 అక్టోబరులో పత్రికల వాళ్ళని పిలిచి నాకు క్యాన్సర్ అని తానే చెప్పారు. మా తరం మనిషే ఆయన. ఈ తరంవాళ్ళు దాస్తున్నారెందుకు? నోట్లో పుండు మూడు వారాలైనా మానకపోతే, గొంతు బొంగురు తగ్గకపోతే, డాక్టరుకి చూపించండి. కరెంటు మొదలుపెడితే చివరిరోజు దాకా వెళ్ళండి.