మెట్లు బోలెడు, మేడేదీ?

నీట్ ఫలితాలొచ్చిన మర్నాడు తెలుగిళ్లలో ఒక వరస నడుస్తుంది. ఎంబీబీఎస్ రాకపోతే బీడీఎస్, అదీ రాకపోతే ఆయుర్వేదం, హోమియో, పశువైద్యం, అగ్రికల్చర్ బీఎస్సీ, ఫార్మ్-డి. అన్నీ అయిపోయి టీ కప్పులు కూడా లోపలికి వెళ్లిపోయాక బాబాయి గొంతు తగ్గించి, "పోనీ, నర్సింగు?" అంటాడు. "మన పిల్లకేం ఖర్మండీ!" అంటుంది పిన్ని. ఆవిడకి మోకాలి ఆపరేషనైనప్పుడు రాత్రి రెండింటికి బెడ్‌పాన్ పెట్టిందెవరో ఆ సమయంలో ఎవరూ గుర్తుచేయరు. చేస్తే చుట్టరికాలు నిలవవు.

ప్రభుత్వాలు అలా కాదు, నర్సింగును మహా గౌరవిస్తాయి. గౌరవించడమంటే కోర్సు పెట్టడం. రెండేళ్ల ఏఎన్ఎం, మూడేళ్ల జీఎన్ఎం, నాలుగేళ్ల బీఎస్సీ. జీఎన్ఎం చదివినవాళ్లకు డిగ్రీ లేదన్న లోటు తీరడానికి మరో రెండేళ్ల పోస్ట్ బేసిక్ బీఎస్సీ. ఆపైన రెండేళ్ల ఎమ్మెస్సీ, ఇంకా ఓపికుంటే పీహెచ్‌డీ. జీఎన్ఎం అమ్మాయి అయిదేళ్లు డ్యూటీ చేసి, సెలవు పెట్టి, పోస్ట్ బేసిక్ ముగించుకుని వచ్చేది మళ్లీ ఆ వార్డుకే. ఈసారి ఆమెకు నర్సింగ్ సిద్ధాంతాలన్నీ కంఠతా వచ్చు. వినడానికి నలభై మంది రోగులున్నారు, చెప్పడానికే తీరిక లేదు.

ఆంధ్రాలో పట్టా ఇచ్చే విశ్వవిద్యాలయం చరిత్ర ఇంకా ఘనమైంది. విజయవాడలో 1986లో పుట్టింది, దేశంలోనే తొలి ఆరోగ్య విశ్వవిద్యాలయం. మొదట రాష్ట్రం పేరే దాని పేరు. 1998లో ఎన్టీఆర్ పేరు పెట్టారు. 2022లో తీసేసి వైఎస్సార్ పేరు పెట్టారు. 2024లో అదీ తీసేసి మళ్లీ ఎన్టీఆర్ పేరు తగిలించారు. 2021లో బీఎస్సీ నర్సింగులో చేరిన బ్యాచ్‌ను తలుచుకోండి. ఎన్టీఆర్ పేరు మీద చేరి, వైఎస్సార్ పేరు మీద చదివి, ఎన్టీఆర్ పేరు మీదే బయటపడింది. పైగా ఇండియన్ నర్సింగ్ కౌన్సిల్ కొత్త సిలబస్సు, సెమిస్టర్ పద్ధతి మొదలైందీ వాళ్లతోనే. రేపు ఉద్యోగానికి వెళ్తే జర్మనీలో పత్రాలు పరిశీలించే ఆఫీసరుకు ఈ కథంతా విప్పి చెప్పడానికేనేమో, బీ2 స్థాయి జర్మన్ భాష కావాలంటున్నారు.

తెలంగాణలో పట్టా ఇచ్చే వరంగల్ ఆరోగ్య విశ్వవిద్యాలయానికున్నది కాళోజీ పేరు. దాన్ని ముట్టుకునే ధైర్యం ఇంకా ఏ పార్టీకీ రాలేదు గనక తెలంగాణలో పోస్టు పేరు మార్చారు. కేంద్రం 2016లో చేసిన పనే ఇక్కడ 2023లో జరిగి, స్టాఫ్ నర్సు నర్సింగ్ ఆఫీసరైంది. మామూలుగా ఆఫీసరంటే బెల్లు కొడితే బంట్రోతు వస్తాడు. ఈ ఆఫీసరు విషయంలో బెల్లు కొట్టేది రోగి, వచ్చేది ఆఫీసరు. ఆక్సిజన్ సిలిండరు దొర్లించుకుంటూ.

బోధనాసుపత్రిలో ముగ్గురు రోగులకొక నర్సు, మామూలు ఆసుపత్రిలో అయిదుగురికొకరు ఉండాలన్నది నర్సింగ్ కౌన్సిల్ లెక్క. దీన్ని పరీక్షలో రాస్తే మార్కులొస్తాయి, వార్డులో అడిగితే మెమో వస్తుంది. మరి లోటెవరు పూడుస్తున్నారంటారా? క్లినికల్స్‌కొచ్చిన పిల్లలు. పుస్తకంలో వాళ్లు నేర్చుకోవడానికొచ్చిన విద్యార్థులు, డ్యూటీ చార్టులో రెండు చేతులు.

కొత్తగా కాలేజీ పెట్టాలంటే వంద పడకల సొంత ఆసుపత్రి చూపించాలి. చూపించడమే గదా అనుకున్న యాజమాన్యాలున్నాయి. తనిఖీ రోజున ఊరి రచ్చబండ ఖాళీ అయిపోయి మంచాలన్నీ నిండిపోతాయి, భోజనం ఉచితం. ఈ కళలో మనవాళ్లే మొనగాళ్లని గర్వపడేవాణ్ణి. మధ్యప్రదేశ్ ఆ గర్వం అణిచేసింది. అక్కడ నర్సింగ్ కాలేజీలు అసలున్నాయో లేవో చూసిరమ్మని హైకోర్టు సీబీఐని పంపితే, తనిఖీ చేసిన సీబీఐ ఇన్‌స్పెక్టర్నే 2024లో లంచం కేసులో సీబీఐ అరెస్టు చేయాల్సి వచ్చింది.

ఇక జీతం. 2016లో సుప్రీంకోర్టు చెబితే కేంద్రం ఒక కమిటీ వేసింది. రెండొందలకు పైగా పడకలున్న ప్రైవేటు ఆసుపత్రి సర్కారు నర్సుతో సమానంగా ఇవ్వాలని, యాభై పడకల లోపు చిన్న ఆసుపత్రి అయినా 20 వేలకు తగ్గకూడదని ఆ కమిటీ తేల్చింది. ఆరోగ్యం రాష్ట్రాల సంగతి గనక సిఫారసును రాష్ట్రాలకు పంపారు. కేరళ నర్సులు సమ్మెకు దిగి 2018లో ఆ 20 వేలూ నోటిఫై చేయించుకున్నారు. మనవాళ్లు సమ్మె చేద్దామంటే ఒరిజినల్ సర్టిఫికెట్లు హెచ్ఆర్ మేడం బీరువాలో ఉన్నాయి. నాలుగేళ్లు చదివి సంపాదించిన పట్టాను తాకట్టు పెట్టి ఉద్యోగం తెచ్చుకోవడం ఏ సెమిస్టర్లో వస్తుందో సిలబస్‌లో వెతికాను, దొరకలేదు. బంగారం తాకట్టు పెడితే కనీసం అప్పు పుడుతుంది.

సర్కారు కొలువంటారా? వస్తుంది, రావాల్సిన ముహూర్తానికి. తెలంగాణలో 2022 డిసెంబరులో నోటిఫికేషనిచ్చిన ప్రభుత్వం ఒకటి, 2024 జనవరిలో ఎల్బీ స్టేడియంలో దాదాపు ఏడు వేల మందికి నియామక పత్రాలు పంచిన ప్రభుత్వం ఇంకొకటి. ఉద్యోగాలు మావంటే మావని ఇద్దరూ ఇప్పటికీ పోట్లాడుకుంటున్నారు. పరీక్ష రాసింది తామేనని నర్సులకు గుర్తున్నా, డ్యూటీకి టైమైపోయింది గనక మధ్యలో మాట్లాడలేదు.

కేంద్రానికీ చెయ్యి పెద్దదే. 2014 తర్వాత వెలిసిన వైద్య కళాశాలల పక్కన 157 నర్సింగ్ కాలేజీలు కడతామని 2023లో 1,570 కోట్లు ప్రకటించింది. అంటే ఒక్కోదానికి పది కోట్లు. ఏటా 15,700 మంది కొత్త పట్టభద్రులట. మంచిదే, పిల్లలు చదువుకోనివ్వండి. చదువయ్యాక ఎక్కడికెళ్లాలన్న దానికీ సర్కారు దగ్గర జవాబుంది. నర్సులకు జర్మన్, జపనీస్ నేర్పి విదేశాలకు పంపడానికి తెలంగాణ ప్రభుత్వానికి టామ్‌కామ్ అనే సొంత కంపెనీయే ఉంది. ఆంధ్రాలోనూ నైపుణ్యాభివృద్ధి సంస్థ జర్మన్ పాఠాలు చెప్పిస్తోంది. అటు వెళ్లే అమ్మాయిల్ని నేనొక్క మాటా అనను, నాకు కూతురుంటే టికెట్ నేనే కొనేవాణ్ణి.

వాళ్లు వదిలి వెళ్లిన ఖాళీల సంగతి కూడా ప్రభుత్వం మర్చిపోదు. విమానం లేచిన వారానికే జిల్లా ఆసుపత్రి నోటీసు బోర్డు మీద ప్రకటన పడుతుంది: అవుట్‌సోర్సింగ్ పద్ధతి, పదకొండు నెలల ఒప్పందం, బీఎస్సీ నర్సింగ్ తప్పనిసరి, అనుభవానికి ప్రాధాన్యం, జీతం బడ్జెట్ విడుదలను బట్టి. జర్మన్ రానక్కర్లేదు.