అత్తగారి తీర్పులు

అత్త కొట్టిన కుండ అడుగోటి కుండ, కోడలు కొట్టిన కుండ కొత్త కుండ. వీడియో గేముల లోకంలో ఈ సామెతను చట్టంగా అమలు చేస్తున్నవారు పడమటి ఆటగాడుగారు. అమెరికాలోనో ఐరోపాలోనో సోఫాలో చేరగిలబడి, జపాన్ కంపెనీ కన్సోల్ కంట్రోలర్ చేతబట్టి, జపాన్ ఆటల పని అయిపోయిందని పదేళ్ళకోసారి మరణ ధ్రువీకరణ పత్రం జారీ చేస్తుంటారు. ఆ చట్టంలో సెక్షన్లు రెండే. జపాన్ ఆట బాగోలేకపోతే తప్పు జపాన్‌ది. బాగుంటే ఆ ఘనత దాన్ని తీసిన ఒక్క డైరెక్టర్‌ది. పైపెచ్చు "అసలిది జపాన్ ఆటలా లేదండీ" అని ఒక మెచ్చుకోలు.

ఈ దొరగారి సొంతింటి సంగతి ముందు చూద్దాం. 1983లో అమెరికా వీడియో గేముల మార్కెట్ కుప్పకూలింది. అమ్ముడుపోని ఈ.టీ. క్యాసెట్లను అటారీ కంపెనీ న్యూమెక్సికోలో గొయ్యి తీసి పూడ్చిపెట్టింది. 2014లో వాటిని తవ్వి తీశారు కూడా. ఇంత జరిగినా, అమెరికావాడికి ఆటలు చేయడం చేతకాదన్న సిద్ధాంతం ఎవరూ లేవదీయలేదు. 1985లో ఆ శ్మశానంలోకి నింటెండో వచ్చింది. వీడియో గేమంటేనే దుకాణదార్లు దడుచుకుంటున్న రోజులు. అందుకని పెట్టెను వీసీఆర్‌లా మలిచి, పక్కన ఒక ప్లాస్టిక్ రోబోను కూర్చోబెట్టి, ఇది బొమ్మ సామానేనని నమ్మించి లోపలికి అడుగుపెట్టింది. తొంభైల్లో మన పిల్లలు టీవీకి తగిలించి ఆడిన మారియో, కాంట్రా క్యాసెట్లు ఆ సరుకుకు నకళ్ళే.

ఇక అతిథికి జరిగిన మర్యాదలు. 1986లో జపాన్‌లో వచ్చిన సూపర్ మారియో బ్రదర్స్ 2 అమెరికా పిల్లలకు మరీ కష్టమని నింటెండో అమెరికా శాఖ పక్కన పెట్టింది. డోకి డోకి పానిక్ అనే వేరే ఆటకు మారియో బృందం మొహాలు అతికించి, 1988లో రెండో భాగం ఇదేనంటూ అమ్మారు. 1992లో, రోల్ ప్లేయింగ్ ఆటల ఓనమాలు తెలియని అమెరికన్ల కోసమని ఫైనల్ ఫాంటసీ మిస్టిక్ క్వెస్ట్‌ను పనిగట్టుకుని తేలిగ్గా చేయించారు. అట్టల మీద బొమ్మల కథ ఇంకా ముచ్చట. మెగా మ్యాన్ అనే నీలిరంగు బుడతడు అమెరికా అట్ట మీద పిస్తోలు పట్టుకున్న నడివయసు మగాడయ్యాడు. నవ్వడం తప్ప తెలియని గులాబీ ఉండ కిర్బీకి అమెరికా అట్టలు కనుబొమలు ముడిపించి కోపం తెప్పించాయి. ఫాలాంక్స్ అనే అంతరిక్ష యుద్ధపు ఆట అట్ట మీద గడ్డం ముసలాయన ఒకడు తీరిగ్గా బాంజో వాయిస్తుంటాడు. ఎందుకని అడక్కండి. ఇలా తన కోసమే అన్నీ పలుచన చేయించుకున్న దొరగారు, కొన్నేళ్ళయ్యాక గొంతు సవరించుకుని, జపాన్ ఆటలు వట్టి పిల్లల ఆటలని తేల్చారు.

2009లో టోక్యో గేమ్ షోకు వచ్చిన కాప్‌కామ్ పెద్ద కేజీ ఇనాఫునే తమ పరిశ్రమ పని అయిపోయిందన్నాడు. ఇంటివాడే అలా అన్నాక దొరగారికి అడ్డేముంది? 2012లో శాన్‌ఫ్రాన్సిస్కోలో జరిగిన గేమ్ డెవలపర్స్ కాన్ఫరెన్స్‌లో ఒక జపాన్ డెవలపర్ లేచి, ఇప్పటి జపాన్ ఆటల మీద మీ అభిప్రాయమేమిటని వినయంగా అడిగితే, కెనడా డెవలపర్ ఫిల్ ఫిష్ అందరి ముందూ మీ ఆటలు చెత్త అనేశాడు. ఆ రోజుల్లో వైద్యం కూడా ఒకటే: "మాలా చేయండి, బాగుపడతారు."

కాప్‌కామ్ ఆ మందు మింగింది. డెవిల్ మే క్రై ఆటను ఇంగ్లండ్‌లోని నింజా థియరీ చేతిలో పెట్టింది. 2013లో ఆట వచ్చింది. హీరో డాంటే తెల్లజుట్టు కాస్తా నల్లబడింది. అడిగింది అడిగినట్టు ఇచ్చారు కదా, దొరగారు సంతోషించాలి. ఎక్కడ? మా డాంటే ఏడి, మా తెల్లజుట్టు ఏదని గుండెలు బాదుకున్నారు. 2019లో ఐదో భాగాన్ని కాప్‌కామ్ తనే చేసి, జుట్టుకు మళ్ళీ తెలుపు పులిమాక గానీ శాంతించలేదు.

మరణ ధ్రువీకరణ పత్రం మీద సిరా పడకముందే, ఆ 2009లోనే, ఫ్రమ్‌సాఫ్ట్‌వేర్ కంపెనీలో హిడెటాకా మియాజాకి డెమన్స్ సోల్స్ అనే ఆట తీశాడు. దొరగారి సలహాల్లో ఒక్కటీ వినలేదు. చేయి పట్టి నడిపించడు, దారి చూపడు, చచ్చి చచ్చి నేర్చుకోమంటాడు. సోనీకే నమ్మకం కుదరక అమెరికాలో విడుదల చేయనంటే, అట్లస్ కంపెనీ ఆ పని చేసింది. తర్వాత? ఆ శవాన్ని చూసి కాపీ కొట్టని స్టూడియో పడమట అరుదైపోయింది. 2019లో స్టార్ వార్స్ జెడై కూడా ఆ బడిలోనే చేరాడు. 2017 నుంచి 2024 దాకా ది గేమ్ అవార్డ్స్ ఇచ్చిన ఎనిమిది ఉత్తమ ఆట బహుమతుల్లో నాలుగు, అంటే జెల్డా, సెకిరో, ఎల్డెన్ రింగ్, ఆస్ట్రో బాట్, పని అయిపోయిన ఆ పరిశ్రమ ఖాతాలోనే పడ్డాయి. వాటిలో సెకిరో వచ్చినప్పుడు దొరగారికి కొత్త కోపం: ఈజీ మోడ్ ఎందుకు పెట్టలేదు? వైకల్యం ఉన్నవాళ్ళు సౌకర్యాలు అడగడం న్యాయం. దాని సంగతి వేరు. దొరగారిది మాత్రం ఆడలేక మద్దెల ఓడన్న బాధ. తేలికైతే పసితనం, కష్టమైతే పొగరు!

జపాన్‌వాళ్ళు తప్పులు చేయలేదా అంటే, నిక్షేపంగా చేశారు. 2010లో వచ్చిన ఫైనల్ ఫాంటసీ 14 ఎంత ఘోరంగా ఉందంటే, 2012లో మూసేసి, నవోకి యోషిదా ఆధ్వర్యంలో 2013లో మళ్ళీ కట్టుకొచ్చారు. దొరగారు ఆ మొదటి వైఫల్యాన్ని జాతి పతనంగా రాసుకున్నారు. 2020 డిసెంబరులో పోలండ్ నుంచి సైబర్‌పంక్ 2077 బగ్గుల పుట్టలా దిగితే, సోనీ తన స్టోర్ నుంచే దాన్ని తీసేసింది. పోలండ్ బుర్రకు ఎవరూ పోస్ట్‌మార్టం చేయలేదు. 2024 ఆగస్టులో అమెరికా స్టూడియో తీసిన కాంకర్డ్ రెండు వారాలకే మూతబడింది. అమెరికా పని అయిపోయిందా? అబ్బే, మార్కెట్ బాగోలేదంతే.

అన్నిటికన్నా ఘనమైన తీర్పు టర్న్ బేస్డ్ పోరు మీద. నువ్వొక దెబ్బ, నేనొక దెబ్బ, వంతులవారీగా కొట్టుకునే ఆ పద్ధతిని దొరగారు ఏళ్ళ తరబడి వెక్కిరించారు: శత్రువు చేతులు కట్టుకుని వంతు కోసం నిలబడతాడా? ఆ వెక్కిరింపు వినీ వినీ, 2023లో ఫైనల్ ఫాంటసీ 16 పూర్తి యాక్షన్ ఆటగా వచ్చింది. రెండేళ్ళు తిరక్కముందే ఫ్రాన్స్‌లోని మోంపెలియే నుంచి క్లేర్ అబ్‌స్క్యూర్: ఎక్స్‌పెడిషన్ 33 దిగింది. టర్న్ బేస్డ్! దాని డైరెక్టర్ ఫైనల్ ఫాంటసీల మీద తన ప్రేమను దాచుకోలేదు. అయినా దొరగారు లేచి నిలబడి, చచ్చిన పద్ధతికి ఫ్రాన్స్ ప్రాణం పోసిందని చప్పట్లు కొట్టారు. ఆ వెక్కిరింపుల ఏళ్ళలోనే జపాన్ నుంచి పెర్సోనా 5, డ్రాగన్ క్వెస్ట్ 11 వచ్చాయి. పిడిగుద్దుల యాకుజా ఆట 2020లో ఏకంగా ఆ పద్ధతికే మారింది. అవేవీ దొరగారి లెక్కలోకి రాలేదు.

ఇక ఒక్క సలహాయే బాకీ: టర్న్ బేస్డ్ ఆట ఎలా చేయాలో ఫ్రెంచివాళ్ళను చూసి నేర్చుకోండని. అది ఈపాటికే టోక్యోకు బయల్దేరి ఉంటుంది. అందుకున్నవాళ్ళు కాప్‌కామ్‌లా కళ్ళకద్దుకోకుండా, మియాజాకిలా కవరైనా చింపకుండా చెత్తబుట్టలో వేస్తే, మరో మంచి ఆట పుట్టే అవకాశముంది.