వేలు ఆనిస్తే చాలట!

"తాతా, బ్రేకు పట్టట్లేదు!" అంటూ మిడ్‌టౌన్ గ్రీన్‌వే నుంచి సైకిలు నడిపించుకుంటూ వచ్చాడు మనవడు. ఆ పొద్దున మినియాపొలిస్‌లో మైనస్ 27 సెల్సియస్. నా పింఛను మింగిన సైకిలది. హైడ్రాలిక్ డిస్క్ బ్రేకులట, వేలు ఆనిస్తే చాలట! తీరా చూస్తే లోపలి మినరల్ ఆయిల్ చలికి ఆముదంలా చిక్కబడింది. నొక్కిన లీవరు ఓ పట్టాన వెనక్కి రాదు.

మా రోజుల్లో ఇంత సుకుమారం ఎక్కడిది? 1974లో తెనాలి నుంచి చదువుకొచ్చి ఇక్కడ కొన్న పాత సైకిలుకి తళతళలాడే స్టీలు రిమ్ము, రెండు రబ్బరు ముక్కలు, ఓ వైరు. రిమ్ముకి మంచు పడితే రబ్బరు ముందు దాన్ని తుడిచి, తర్వాత స్టీలును పట్టుకోవాలి. ఈలోగా చక్రం నాలుగు చుట్లు తిరిగేది, నేను సిగ్నలు దాటేసేవాణ్ని. రాత్రి సైకిలు ఇంట్లో పెడితే మంచు కరిగి వైరు గొట్టంలోకి దిగేది. పొద్దున బయటికి తీస్తే అక్కడే గడ్డకట్టేది. ఇక నొక్కిన బ్రేకు వదిలితే ఒట్టు! మా నాన్న సైకిలుకి వైర్లే లేవు, అన్నీ ఊచలే. గడ్డకట్టడానికి చోటేది? తెనాలిలో ఆ పరీక్ష ఎప్పుడూ రాలేదనుకోండి.

అలాగని ఎవరిమీదా ఏడవలేదు. వెనక్కి తొక్కితే ఆగే సైకిలొకటి కొనుక్కున్నాను. దాని బ్రేకంతా వెనక చక్రం బొడ్డులోనే ఉంటుంది. మంచైనా, రోడ్డుమీద చల్లే ఉప్పయినా దాన్ని అంత తేలిగ్గా అంటుకోవు. చలికి బిగుసుకోని పల్చటి గ్రీజు పెట్టుకుంటే చాలు.

ఇప్పటివాళ్లకి బ్రేకు పడితే బండి ఆగుతుందని ధీమా. బ్రేకు ఆపేది చక్రాన్నే కదా! కింద నున్నటి మంచుగడ్డ ఉంటే, చక్రం ఆగినా మనిషి జారుతూనే పోతాడు. మా బ్రేకుల సంగతి మాకు తెలుసు గనక వంద గజాల ముందే తొక్కడం మానేసేవాళ్లం. ఇదే చెబితే "మేకుల టైర్లున్నాయిగా తాతా" అన్నాడు. మేకులట!

ఉండబట్టలేక, గ్యారేజీలో మూలనున్న నా సైకిలు బయటికి లాగి ఎక్కాను. ఇంటిముందు నాలుగు గజాలు పోయి వెనక్కి తొక్కాను. పెడళ్లు తిరిగాయిగానీ బ్రేకు పట్టలేదు. గ్రీజు మార్చి పదేళ్లయిందని అప్పుడు గుర్తొచ్చింది. బూటు నేలకి రాసుకుంటూ ఆగాను.

"అదేం బ్రేకు తాతా?" అన్నాడు.

"తెనాలి బ్రేకు" అన్నాను.